మమ్మల్ని ధింసాకి పిలిచారు, పిన్నిని క్లాసుకి పిలవలేదు

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నాను. రెండు ఆదివారాలు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్లో టైప్ చేశాను. చివరిదాకా చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగంలో ఆపి తిట్టకండి.

పోయిన నెల మా కాలేజీలో రెండు రోజుల కార్యక్రమం జరిగింది. విదేశాల్లో ఉన్న ఒక యూనివర్సిటీకీ మా కాలేజీకీ ఏదో ఒప్పందం కుదిరిందట. బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో సస్టెయినబుల్ టూరిజం ఎడ్యుకేషన్ అనీ, కింద చిన్న అక్షరాలతో చిన్న వ్యాపారులతో భాగస్వామ్యం అనీ రాశారు. ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న ఆడపిల్లలం ఎనిమిది మందిమి ఉన్నాం, మా అందరి పేర్లూ రాసుకున్నారు. నేను కొత్త నోటుబుక్కు కొనుక్కున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని, అందుకని ఎవరైనా పేరు రాసుకుంటే క్లాసుకే అనుకుంటాను. ముందురోజు సాయంత్రం మేడమ్ వచ్చి చీరలు కట్టుకుని రండమ్మా, అతిథులు వచ్చేటప్పుడు ధింసా వెయ్యాలి అన్నారు.

వేశాం. పావుగంట. చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు, తర్వాత వెనక వరుసలో కూర్చోబెట్టారు.

ఇక్కడ ఒక మాట. ధింసా అంటే నాకు చిన్నతనం కాదు. ఇటుకల పండక్కి, పెళ్లిళ్లకి రాత్రంతా వేస్తాం, మా నానమ్మ ఇప్పటికీ వరుసలో ముందుంటుంది. కానీ ధింసా వేసినవాళ్లని తర్వాత మీరేమంటారు అని ఎవరూ అడగరు. నా కోపం ఆట మీద కాదు, ఆ అడగకపోవడం మీద.

వెనక వరుసలోంచి చూస్తుంటే స్క్రీన్ మీద బొంగులో చికెన్ ఫోటో వచ్చింది. ఘాట్ రోడ్డు పక్కన నీలం టార్పాలిన్, రాళ్ల మధ్య బొగ్గులు, వాటి మీద వరసగా వెదురు బొంగులు. మా పిన్ని దుకాణం అచ్చం అలాగే ఉంటుంది. ఇది ఈ ప్రాంత వారసత్వ వంటకం, దీన్ని టూరిజం ఉత్పత్తిగా మలచుకోవాలి అని ఇంగ్లీషులో చెప్పారు. హాల్లో చిన్న వ్యాపారులు అని కార్డులు తగిలించుకుని కూర్చున్నవాళ్లని లెక్కపెట్టాను. రిసార్టుల తరఫున వచ్చినవాళ్లు, సిటీలో ట్రావెల్స్ నడిపేవాళ్లు, ఒక కేఫ్ ఆయన. బొంగు కాల్చేవాళ్లు ఒక్కరు లేరు. వలిసె పూల చేను గట్టు మీద నిలబడి ఫోటోకి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకునే రైతు లేడు. కొండ చీపుర్లు కట్టే అవ్వ లేదు.

మా పిన్ని గురించి చెప్పాలి. అరకు రోడ్డు మీద ఎనిమిదేళ్లుగా బొంగులో చికెన్ అమ్ముతోంది. ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. శని, ఆదివారాలే బేరం, అదీ వానలు తగ్గాక అక్టోబరు నుంచి జనవరి దాకా. మిగతా రోజులు పసుపు, రాగులు, కాఫీ తోటలో కూలి. బొంగుకోసం తెల్లవారకముందే పైకి వెళ్తుంది. ఏ పొదలో కొట్టాలో, ఏ పొదని వచ్చే ఏడుకి వదలాలో దానికి తెలుసు. ఆ ఏడు లేచిన పిలకని ముట్టుకోదు, ముట్టుకోనివ్వదు. వానాకాలంలో కూరకి వెదురు కొమ్ములు కూడా ఒక పొదలోవన్నీ విరవనివ్వదు. నేను ఫోన్ చేసి సస్టెయినబుల్ టూరిజం అని ప్రోగ్రాం జరిగింది పిన్నీ అంటే, అదేటి అంది. అడవి పాడవకుండా, ఊరు పాడవకుండా, వచ్చినవాళ్లూ బాగుండి మనమూ బాగుండేలా యాపారం చెయ్యడం అని చెప్పాను. కాసేపు ఆగి, మరి దానికి నన్నెందుకు పిలవలేదు అంది.

నా దగ్గర జవాబు లేదు. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

పిన్నికి అన్నీ తెలుసు అని నేననడం లేదు. లెక్క రాయదు. టూరిస్టు బండి ఆపినందుకు డ్రైవర్‌కి బొంగుకి ముప్పై రూపాయలు, పైగా తిండి ఉచితం. మసాలా, కోడి, బొగ్గు అన్నీ పోగా ఏం మిగిలిందో సీజన్ అయ్యాక కూడా చెప్పలేదు. పక్కనే కొత్తగా ఇంకో దుకాణం పడితే రేటు తగ్గిస్తుంది, వాళ్లూ తగ్గిస్తారు, చివరికి ఇద్దరూ మునుగుతారు. చేతులు కడుక్కోడానికి నీళ్లు లేవని కొందరు టూరిస్టులు బండి దిగి మళ్లీ ఎక్కేస్తారు. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. ఆ రెండు రోజుల కార్యక్రమంలో చెప్పిన ఖర్చు లెక్కలు, శుభ్రత, ధర పెట్టడం ఇవే. నేర్చుకోవాల్సిన మనిషి కొండ మీద ఉంది, పాఠం సిటీలో ఏసీ హాల్లో జరిగింది.

విదేశం నుంచి వచ్చినవాళ్లలో ఒక లేడీ లెక్చరర్ టీ టైములో నా దగ్గరికి వచ్చారు. మంచావిడే. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, డిగ్రీకి వచ్చాక ఇంగ్లీషు. మూడో భాషలో మన బాధ చెప్పుకోవడం ఎంత కష్టమో ఈ గ్రూపులో అందరికీ తెలిసిందే. అయినా ఆ ఫోటోలో ఉన్న దుకాణంలాంటిది మా పిన్నిది, ఆమెని పిలవలేదు అని ఎలాగో చెప్పాను. ఆవిడ ముఖం కొంచెం మారింది. గాంబియా గురించి చదువు అని నా నోటుబుక్కులో రెండు పేర్లు రాసిచ్చారు. కొత్త నోటుబుక్కులో మొదటి పేజీ అదే.

హాస్టల్ వైఫై వచ్చే రాత్రుల్లో డిక్షనరీ పెట్టుకుని చదివాను. అర్థమైనంత చెప్తాను.

గాంబియా పశ్చిమ ఆఫ్రికాలో ఒక నది పొడవునా సన్నగా ఉన్న దేశం. ఆఫ్రికా ప్రధాన భూభాగం మీద అన్నిటికన్నా చిన్నది. 1965లో బ్రిటిష్ పాలన పోయింది. ఆ కాలం నుంచే యూరప్ వాళ్లు చలికాలంలో ఎండ కోసం అక్కడి సముద్రతీరానికి వెళ్లడం మొదలైంది. మనకి చలి చూడ్డానికి వస్తారు, వాళ్లకి ఎండ చూడ్డానికి వెళ్తారు, సీజన్ మాత్రం ఇంచుమించు ఒకటే. హోటళ్లు పెద్దవి. గేటు బయట పళ్లు అమ్మేవాళ్లు, జ్యూస్ తీసేవాళ్లు, చెక్క బొమ్మలు చెక్కేవాళ్లు, టాక్సీలు, దారి చూపించే కుర్రాళ్లు. టూరిస్టు గేటు దాటితే చాలు, అందరూ ఒకేసారి మీద పడతారు. టూరిస్టు భయపడి మళ్లీ బయటికి రాడు. రాకపోతే ఆకలి, ఆకలైతే ఇంకా మీద పడతారు. లంబసింగిలో పొద్దున్నే కారు ఆగితే జరిగేది చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1999లో ఆ దేశ ప్రభుత్వం ఆల్ ఇన్‌క్లూజివ్ పద్ధతిని నిషేధించింది. టికెట్టుతోనే తిండీ తాగుడూ అన్నీ ముందే కట్టించుకునే పద్ధతి అది. అలా కట్టినవాడు బయట ఒక నారింజ కూడా కొనడు. ఎంతో కాలం కాకుండానే ఆ నిషేధం ఎత్తేశారు. పైనుంచి ఆర్డరు వేస్తే ఎంతకాలం నిలుస్తుందో చూడండి.

నాకు నచ్చింది దాని తర్వాత జరిగినది. 2000లో ఈ చిన్న చిన్న అమ్మకందార్లందరూ అసెట్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. దాని వెనక అదామా బా అని ఆ దేశస్థుడే ఉన్నాడు. తర్వాత 2001, 2002ల్లో బ్రిటన్‌లోని గ్రీనిచ్ యూనివర్సిటీ నుంచి హెరాల్డ్ గుడ్విన్ అనే ఆయన, అదామా బా కలిసి పనిచేశారు. వాళ్లు బ్యానర్ కట్టి పాఠంతో మొదలుపెట్టలేదు. ముందు అడిగారు. టూరిస్టుని అడిగారు, నువ్వెందుకు కొనడం లేదు అని. హోటల్ వాడిని అడిగారు, వీళ్లని ఎందుకు దూరం పెడుతున్నావు అని. పళ్లమ్మే ఆవిడని అడిగారు, నువ్వెందుకు వెంటపడుతున్నావు అని. ఆ జవాబులన్నీ అందరి ముందూ పెట్టారు. అప్పుడు ఎవరి గుంపు వాళ్లు కూర్చుని తమ నియమాలు తామే రాసుకున్నారు. వెంటపడకూడదు, గుర్తింపు బ్యాడ్జీ పెట్టుకోవాలి, ధర అందరికీ కనిపించాలి, ఇలాంటివి. హోటళ్లు కూడా తమ వంతు ఒప్పుకున్నాయి. ఒక సీజన్ నుంచి మరో సీజన్‌కి జ్యూస్ తీసేవాళ్ల ఆదాయం రెట్టింపు దాటిందట.

తర్వాతి ఏళ్లలో గాంబియా సంస్థ ఒకటి, బ్రిటన్‌లోని లీడ్స్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీ కలిసి బాధ్యతాయుత పర్యాటకంలో యూనివర్సిటీ చదువుని గాంబియాలోనే పెట్టాయి. పనిచేసుకునేవాళ్లు దేశం విడిచి వెళ్లకుండా చదువుకోవచ్చు. నియమాలు రాసుకోవడం ముందు, డిగ్రీ తర్వాత. మా కాలేజీలో బ్యానర్ ముందు, ఫోటో తర్వాత, పిన్ని ఎప్పుడో.

దూరదేశం సంగతి మనకెందుకు అంటారేమో. ఇదే గుడ్విన్ వాళ్ల కేంద్రం 2008లో కేరళ ప్రభుత్వంతో కలిసి కొచ్చిలో పెద్ద సదస్సు పెట్టింది. ఆ రోజుల్లోనే కుమరకంలో పని మొదలైంది. అక్కడి కుటుంబశ్రీ ఆడవాళ్లు, అంటే మన డ్వాక్రా సంఘాలలాంటివాళ్లు, బీడు పడ్డ నేలలో కూరగాయలు పండించి హోటళ్లకి అమ్మారు. మొదట్లో కుదర్లేదు. పంచాయతీ కూర్చుని ధరలకీ నాణ్యతకీ పద్ధతి పెట్టాక నడిచింది. 2017లో దాన్ని రాష్ట్రమంతా నడపడానికి ఒక మిషన్ పెట్టారు. మన డ్వాక్రా వాళ్లకి ఏం తక్కువ? అరకు రిసార్టుల్లో టమాటా, గుడ్లు ఎక్కణ్నుంచి వస్తాయో ఎవరైనా అడిగారా? మా ఊరి ముందునుంచి లారీలో ఎక్కి వస్తాయి, కిందనుంచి.

ఇప్పుడు అసలు సంగతి. ఒప్పంద పత్రంలో చిన్న వ్యాపారం అన్న మాట ఉంటుంది చూశారా, అక్కడే మన బతుకు ఉంది. సిటీవాళ్ల లెక్కలో ఇరవై గదుల రిసార్టు కూడా చిన్న వ్యాపారమే. మన లెక్కలో బొంగు, తేనె, చీపురు, రెండు గదుల హోమ్‌స్టే. ఈ రెండూ ఒకే మాట కింద పెడితే బలమైనది కుర్చీలో కూర్చుంటుంది, బలహీనమైనది ధింసా వేస్తుంది.

మైదానంలో ఇది ఒక్క అన్యాయమే. షెడ్యూల్డ్ ఏరియాలో దీని వెనక భూమి కూడా ఉంది. 1970లో వచ్చిన 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో, గనుల గొడవతో. టూరిస్టులు గుహల ముందు సెల్ఫీ తీసుకునే ఆ బొర్రానే. రెండు రోజుల కార్యక్రమంలో గుహల గురించి అరగంట చెప్పారు, ఆ తీర్పు గురించి ఒక్క ముక్క లేదు. 2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం 1/70ని మార్చాలన్న మాట బయటికి వచ్చినప్పుడు మన్యం 48 గంటల బంద్ చేసింది. మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. మీలో చాలామంది ఆ రోడ్ల మీద ఉన్నారు. అయినా బినామీ పేర్ల మీద లేస్తున్న కాటేజీల సంగతి ఎవరికి తెలియదు? పైన పేరు మన చుట్టందే, గల్లా పెట్టె తాళం ఇంకొకరిది. అలాంటి కాటేజీ రేపు మాది గిరిజన చిన్న వ్యాపారం అని ట్రైనింగుకి వచ్చి కూర్చుంటే, సర్టిఫికెట్ తీసుకుని వెళ్తే, ఏ యూనివర్సిటీ పట్టుకుంటుంది? గ్రామసభని అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తుంది.

గాంబియా పళ్లమ్మేవాళ్ల కేసులో నాకు ఇలాంటి భూమి చట్టం గురించి ఎక్కడా కనబడలేదు. మనకి ఉంది. అందుకే మన దగ్గర ఇది వాళ్లకన్నా బాగా జరగాలి.

గ్రూపులో కొందరు అన్నలు విదేశీ యూనివర్సిటీలే వద్దు, డేటా పట్టుకుపోయి పుస్తకాలు రాసుకుంటారు అంటున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. మన పాటలు, మందు చెట్లు, మన ముఖాలు ఎన్ని పీహెచ్‌డీలకి ఎక్కాయో. కానీ తలుపు వేసేస్తే లోపల ఉన్న మనకే గాలి ఆడదు. నాకు గాంబియా పేరు రాసిచ్చింది కూడా ఒక విదేశీ లెక్చరరే. మన అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అంతకు ముందే 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. బయటి ప్రపంచం మన కొండ దాకా ఎప్పుడో వచ్చేసింది. మా నాన్నకి రెండెకరాల కాఫీ ఉంది, ఇంట్లో మాత్రం టీ తాగుతాం. ఎందుకు నాన్నా అంటే గింజలు అమ్ముకోడానికి కదే అంటాడు.

ఇంకో అక్క టూరిజమే వద్దు అని రాసింది. వంజంగి మీద పొద్దున మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్లు వదిలిన సీసాలు ఏరిన పిల్లల్లో నేనూ ఉన్నాను, కాబట్టి ఆ అక్క కోపం నాకు తెలుసు. చెప్పకుండా మన ఆడవాళ్ల ఫోటోలు తీస్తారు, అదీ తెలుసు. ఒక విషయంలో ఆ అక్క మాట పూర్తిగా నిజం. టూరిజాన్నే నమ్ముకుంటే మునుగుతాం. గాంబియాలో 2014లో ఒక్క ఎబోలా కేసు లేదు, చుట్టుపక్కల దేశాల్లో ఉందని టూరిస్టులు రావడం తగ్గించేశారు. 2019 సెప్టెంబరులో బ్రిటన్‌లో థామస్ కుక్ కంపెనీ దివాలా తీస్తే, గాంబియాకి టూరిస్టుల్ని తెచ్చే పెద్ద దారి ఒకటి మూసుకుపోయింది. ఎవడో ఎక్కడో లెక్క తప్పితే ఇక్కడ నారింజలు కుళ్లిపోతాయి. తర్వాత కరోనా. కరోనా ఏడాది పిన్ని బతికింది పసుపు మీద, రాగుల మీద. అందుకే ఏ ట్రైనింగ్ అయినా పిన్నిని పొలం వదిలి పూర్తిగా దుకాణం పెట్టుకో, లోన్ తీసుకో అని చెప్తే నేనే వద్దంటాను. శని ఆదివారాల దుకాణం శని ఆదివారాల దుకాణంగానే ఉండి, ఆ రెండు రోజులూ నాలుగు రూపాయలు ఎక్కువ మిగలాలి. అది నేర్పే చదువు కావాలి.

మరి నువ్వేం చేశావు అంటారు కదా. చేశాను. కార్యక్రమం రెండో విడత ఉంటుందని చెప్పారు, సలహాలుంటే రాయమన్నారు. చాలామంది గుడ్, వెరీ యూజ్‌ఫుల్ అని రాశారు. నేను తెలుగులో ఒక పేజీన్నర రాసి ఇచ్చాను. రెండో విడత కొండ మీద, సంత లేని రోజున పెట్టండి. వ్యాపారులు ఎవరో గ్రామసభ చెప్పిన పేర్లు తీసుకోండి. వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి కట్టండి, ఎందుకంటే మీ లెక్చరర్లు జీతం మీద వస్తున్నారు, పిన్ని బేరం మానుకుని వస్తుంది. పాఠం తెలుగులో చెప్పండి, మన భాషల్లోకి మార్చడానికి మేం ఎనిమిది మందిమీ ఉన్నాం, ఆ పనికి కూడా డబ్బు ఇవ్వండి. వెదురు గురించి పాఠం మీరు చెప్పకండి, పిన్ని చెప్తుంది, మీరు రాసుకోండి, రాసినదాని కాపీ పంచాయతీలో పెట్టండి. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు కూడా చిన్న తరహా అటవీ ఉత్పత్తే, దాని మీద మాకు హక్కుంది, ఆ పాఠం ఒక వకీలు చేత చెప్పించండి. రిసార్టుల వాళ్లని కూడా పిలవండి, కానీ కూరగాయలు ఎక్కడ కొంటున్నారో అందరి ముందూ చెప్పమనండి. ధింసా పెట్టాలనుకుంటే చివర్లో పెట్టండి, అతిథులు కూడా వరుసలో కలవాలి.

ఆ కాయితం చదివిన ఒక సర్ నవ్వి, అమ్మా నువ్వు పెద్ద లీడర్‌వి అయిపోతావు అన్నారు. మెచ్చుకున్నారో ఎకసెక్కం చేశారో తేల్చుకోలేకపోయాను.

డిగ్రీ ఆఖరి ఏడులో ఉన్నవాళ్లు ఇది కూడా చూడండి. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశం మొత్తం మీద ఏడాదికి 20 మందికే. అందులో 3 ఆదిమ తెగల వాళ్లకి. ఇరవై అంటే మన హాస్టల్ ఒక్క వరండాలో పడుకునేవాళ్లంత. ఎక్కువ చెయ్యమని అడగాల్సిందే, అడుగుతూనే అప్లై కూడా చెయ్యాలి. ఇలాంటి యూనివర్సిటీల్లో మనవాళ్లు నలుగురు పరిశోధకులుగా కూర్చుంటే రేపు స్లైడు మీద బొంగు ఫోటో పక్కన ఆ కాల్చిన మనిషి పేరు కూడా వస్తుంది.

రెండో విడత ఎప్పుడో ఇంకా చెప్పలేదు. నిన్న రాత్రి పిన్ని ఫోన్ చేసింది. ఆ కాయితం ఇచ్చావా అంది. ఇచ్చాను అన్నాను. ఏ రోజు పెడతారట అంది. ఇంకా తెలీదు అన్నాను. ఆదివారం మాత్రం వద్దని చెప్పు పాపా, ఆదివారం నాకు బేరం, మంగళవారమైతే పక్క దుకాణపామెని కూడా తీసుకొస్తాను, రేటు సంగతి దానితో అందరి ముందూ తేల్చుకోవాలి అంది.